జీపులో డీజిల్ ఎవరు పోయించారు?

రెండు అంకెలతో మొదలుపెడతా. 30 వేలు. పదకొండున్నర కోట్లు.

రెండూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయి. ఆయన కోడెల శివప్రసాదరావు. నరసరావుపేటలో డాక్టర్‌గా పేరు తెచ్చుకుని 1983లో తెలుగుదేశం తరఫున మొదటిసారి ఎమ్మెల్యే అయ్యారు. 2014లో సత్తెనపల్లి నుంచి గెలిచి, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి తొలి స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో ఉండగానే 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో తన మొదటి ఎన్నికకి 30 వేలు ఖర్చయిందని, అదీ ఊళ్లవాళ్లు చందాలేసుకుని ఇచ్చిందేనని, 2014కి వచ్చేసరికి అది పదకొండున్నర కోట్లయిందని అనేశారు. అప్పటికి అసెంబ్లీ అభ్యర్థి పెట్టాల్సిన ఖర్చుకి చట్టం గీసిన గీత 28 లక్షలు. ఇంకేముంది, రచ్చ రచ్చ. కేసు కోర్టుకెక్కింది. తన ఉద్దేశం అది కాదని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. 2019లో ఆయన పోయారు కూడా. ఆ వివాదాన్ని మళ్లీ తవ్వే ఆసక్తి నాకు లేదు.

కానీ అప్పుడు అందరూ ఆ రెండో అంకె పట్టుకుని ఊగిపోయారు. మొదటి అంకెని ఒక్కరూ పట్టించుకోలేదు. నాకు అదే అసలు వార్త అనిపిస్తుంది. మన పల్నాడులోనే, మన నాన్నల వయసులో, ఒక ఎమ్మెల్యే ఎన్నిక జనం చందాలతో అయిపోయింది. డబ్బు ఇచ్చింది ఊరోళ్లు. గెలిచాక ఆయన మొహం చూడాల్సింది కూడా ఊరోళ్లదే.

ఇప్పుడు రెండో అంకె సంగతి చూద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. పదకొండున్నర కోట్లని అయిదేళ్లకి, అంటే 60 నెలలకి పంచండి. నెలకి 19 లక్షల పైచిలుకు. ఎమ్మెల్యే జీతం, అలవెన్సులు అన్నీ కలిపినా ఆ దరిదాపుల్లోకి రావు. మరి ఎట్టా పూడుద్ది? ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, అంత పెట్టి వచ్చిన మనిషికి రెండే దార్లు. సొంత డబ్బు పెట్టుంటే రాబట్టుకోవాలి. ఇంకొకరు పెట్టుంటే వాళ్లకి పని చేసిపెట్టాలి.

పల్నాడులో ఆ ఇంకొకరు ఎవరై ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. మాచర్ల నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ల దాకా మన కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నం బట్టీలు దాని మీదే బతుకుతున్నాయి. పక్కన కృష్ణ, అందులో ఇసుక. లీజు ఎవరికి రావాలి, పర్మిట్ లేని లారీని ఎవరు ఆపాలి, ఏ టెండర్ ఎవరికి దక్కాలి, ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని విషయాలు. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి అక్రమ తవ్వకాల గొడవ హైకోర్టుకెక్కి, సీఐడీ మీదుగా సీబీఐ దాకా వెళ్లింది. వ్యాపారం చేసుకునే ప్రతివాడూ దొంగ అని నేననను. కానీ లీజు కావాల్సినవాడికి ఎమ్మెల్యే ఎన్నిక పెట్టుబడి. మిరప రైతుకి అది పండగ. ఇద్దరూ ఒకే పోలింగ్ బూత్‌లో ఒకే బటన్ నొక్కుతారు గానీ, మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తేది ఒకరి ఫోనే.

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చుట్టాలున్నవాళ్లకి వరికపూడిశెల గురించి తెలుసు. ఎత్తిపోతల కట్టి నీళ్లిస్తామన్న మాట ఎంత పాతదంటే, మా ఇంట్లో ఎప్పటికీ జరగని పనికి అది ఊతపదం అయిపోయింది. 2023 నవంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ మాచర్లకొచ్చి శంకుస్థాపన చేశారు. అంతకుముందూ మాటలు విన్నాం, తర్వాతా వింటున్నాం. ఆ నీళ్ల కోసం ఎదురుచూసే రైతుల తరఫున ఏ పార్టీ ఖాతాలోనూ ఒక్క రూపాయి పడలేదని నేను పందెం కాస్తా. పడి ఉంటే కథ వేరేగా ఉండేదా? గ్యారంటీ ఇవ్వలేను. కానీ డబ్బు పెట్టిన పని, పెట్టని పని ఒకే లైన్లో నిలబడవు.

పెద్ద డబ్బు ఎంత పెద్దదో 2024లో దేశం మొత్తానికీ తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని కొట్టేసింది. ఓటరుకి సమాచారం తెలుసుకునే హక్కుంది, డబ్బు ఎవరిచ్చారో దాచిపెట్టడం కుదరదు అంది. ఆ తర్వాత స్టేట్ బ్యాంకు లెక్కలు బయటపెట్టక తప్పలేదు. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న ఆ లెక్కల్లో బీఆర్‌ఎస్‌కి దాదాపు 1,215 కోట్లు, వైసీపీకి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు, జనసేనకి 21 కోట్లు. దేశంలోనే రెండో అతిపెద్ద దాత మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్. 966 కోట్లు. ప్రాజెక్టులు కట్టే కంపెనీ అది. ప్రాజెక్టులు ఇచ్చేది ప్రభుత్వాలు. ఏ డబ్బుకి ఏ పని దక్కిందో తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఒక్కటే. ఆ జాబితాలో మనం లేం.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వెయ్యి రూపాయల బాండు కూడా ఉండేది! నువ్వూ నేనూ కొనుక్కోవచ్చు. కానీ అమ్ముడైన మొత్తం విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. మామూలోడి కోసం పెట్టిన కౌంటర్ దగ్గర ఈగలు తోలుకున్నారన్నమాట.

సరే, మామూలోడు చందా ఇవ్వడా అంటే, మనవాళ్లంత బాగా ఇచ్చేవాళ్లు ఎక్కడా దొరకరు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినవాళ్లకి తెలుసు. నింగినంటే ప్రభలు, వాటి మీద మిరుమిట్లు గొలిపే లైట్లు. ఆ ప్రభ లేపడానికి ఊరు లక్షలు పోగేస్తుంది. ఎకరానికింత, ఇంటికింత. ఎవరెంత ఇచ్చిందీ పుస్తకంలో రాస్తారు. తేడా వస్తే రచ్చబండ మీద నిలదీస్తారు. వసూలు, లెక్క, నిలదీత. ఒక ఎన్నికకి కావాల్సిన వ్యవస్థ అంతా ఆ ప్రభ కమిటీలోనే ఉంది. దాన్ని మనం ఓటు వైపు ఎప్పుడూ తిప్పలేదు. ఓటు దగ్గరికొచ్చేసరికి చెయ్యి తిరగబడుద్ది. ఇచ్చే చెయ్యి కాస్తా పుచ్చుకునే చెయ్యి అవుద్ది. కవర్లో రెండు వేలు అనుకుంటే అయిదేళ్లకి రోజుకి రూపాయి పది పైసలు. అది పుచ్చుకున్నాక "మా రోడ్డేది?" అని అడిగితే, "నీకు ఇచ్చేశాం కదా" అనే జవాబు అవతలోడి కళ్లలోనే కనపడుద్ది.

మన చరిత్రలో ఇది కొత్తేం కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించింది. జూన్ 30 గడువు. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసిచ్చిన రోజులవి. ఆ సమయంలోనే ఇటు పల్నాడులో, అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పుల్లరి కట్టం పొమ్మన్నారు మనవాళ్లు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది. కట్టకూడని చోట కట్టలేదు, ఇవ్వాల్సిన చోట ఇచ్చారు. మనకి మొదటి సగమే బాగా గుర్తుంది, విగ్రహం పెట్టుకున్నాం కాబట్టి.

ఇప్పుడు లెక్క. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకి మాత్రం పరిమితే లేదు, ఆ కన్నం గురించి ఇంకోసారి రాస్తా. 40 లక్షలంటే నాలుగు వేల మంది తలా వెయ్యి. లేదా ఇరవై వేల మంది తలా రెండొందలు, అంటే ఒక బిర్యానీ. మన జిల్లాలో నియోజకవర్గానికి రెండు లక్షల పైన ఓటర్లున్నారు. పదిమందిలో ఒకడు ఒక్క బిర్యానీ మానేస్తే, ఒక అభ్యర్థి ఎవడి గుమ్మం తొక్కకుండా చట్టం ఒప్పుకున్నంత ఖర్చు పెట్టుకోవచ్చు.

వినడానికి బాగుంది కదా. ప్రయత్నించినవాళ్లకి ఏమైందో కూడా చెప్పకపోతే మోసం చేసినట్టే.

జయప్రకాశ్ నారాయణ్ లోక్‌సత్తాని 2006లో పార్టీగా మార్చారు. డబ్బు పంచం, మందు పోయించం, చందాలతోనే నడుస్తాం అన్నారు. 2009లో ఉమ్మడి రాష్ట్రమంతా పోటీ చేస్తే గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే, ఆయన ఒక్కరే. చదువుకున్నోళ్లు చెక్కులిచ్చారు, చప్పట్లు కొట్టారు, ఓటు రోజు కొంతమంది లేట్‌గా నిద్రలేచారు. ఇది నా ఎకసెక్కం అనుకోండి. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్క శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడితే ఎక్కడెక్కడి వాళ్లో డబ్బు పంపారు. యానాం మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలిచ్చారు. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగితే హైకోర్టు ఆమెకి పోలీసు భద్రత ఇమ్మంది. చివరికి వచ్చిన ఓట్లు అయిదున్నర వేల పైచిలుకు. ఫోన్లో చూసి ఇచ్చే డబ్బుకి కొల్లాపూర్లో ఓటు ఉండదు. అదీ అసలు తేడా. 1983 నాటి ముప్పై వేలు ఇచ్చినవాళ్లు ఓటు కూడా అక్కడే వేశారు, పక్కింటోడి చేత కూడా వేయించారు. చందా ఇచ్చినోడు ఉచితంగా వచ్చే కార్యకర్త. అది ఊళ్లో పుడితేనే పని చేస్తుంది, రీల్‌లో పుడితే లైకు దగ్గరే ఆగిపోద్ది.

మొన్న గురజాల దగ్గర మా బాబాయ్‌తో ఇదంతా చెప్తుంటే, మిరపకాయలు తిరగేస్తూ విని, "ఒరే అబ్బాయ్, నువ్వు చెప్పేది బానే ఉంది. ఫలానా వాడికి నేను డబ్బులిచ్చానని రెండో పార్టీ వాడికి తెలిస్తే నా మోటారు వైరు ఎవడు కాపలా కాస్తాడు?" అన్నాడు.

ఇది హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లకి తట్టని ప్రశ్న. పల్నాడులో ఇదే మొదటి ప్రశ్న. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్లలో వార్డులన్నీ ఏకగ్రీవం అయిపోయాయి. పోటీయే లేదు! 2024 మే 13 పోలింగ్ రోజు మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో ఈవీఎం నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ గొడవల తర్వాత మన జిల్లా కలెక్టర్‌ని బదిలీ చేశారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. ఇలాంటి చోట చందా రసీదు అంటే సాక్ష్యం. బాబాయ్ భయం పిరికితనం కాదు, లెక్క.

అయితే చట్టంలో బాబాయ్‌కి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఒక ఏడాదిలో 20 వేలకి మించి ఇచ్చిన దాతల పేర్లే పార్టీలు ఎన్నికల సంఘానికి ఇచ్చే జాబితాలో పెట్టాలి. అయిదొందలు ఇచ్చినోడి పేరు బయటి జాబితాలోకి రాదు. నాకిది న్యాయంగానే అనిపిస్తుంది. చిన్నోడికి చాటు కావాలి, ఎందుకంటే వాడికి దెబ్బ తగులుద్ది. పెద్దోడికి వెలుతురు కావాలి, ఎందుకంటే వాడు దెబ్బ కొట్టగలడు. బాండ్లు సరిగ్గా దీన్ని తలకిందులు చేశాయి. కోటి ఇచ్చినోడికి దుప్పటి కప్పాయి. ఈ 20 వేల గీతలోనూ దొంగతనం ఉంది, పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలుగా కోసి చూపించొచ్చు. అందుకే పార్టీకి ఒక మనిషి రెండు వేలకి మించి నగదు ఇవ్వకూడదన్న నిబంధన 2017లో తెచ్చారు. దాన్నీ ముక్కలు కోసేవాళ్లున్నారు, అది వేరే సంగతి.

ఇవ్వాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. అభ్యర్థి నామినేషన్‌కి ముందే ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. డబ్బు అందులోకే పంపండి. ఎవడో తమ్ముడి ఫోన్‌పే నంబర్ ఇస్తే పంపొద్దు. పార్టీకి ఆన్‌లైన్లోనో చెక్కుతోనో ఇస్తే ఆదాయపన్ను మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఇండిపెండెంట్‌కి ఇస్తే అదీ లేదు. దాతలకి పూర్తి పన్ను మినహాయింపు తెచ్చిన 2003 చట్టం కోసం గట్టిగా వాదించినవాళ్లలో లోక్‌సత్తా కూడా ఉంది. గెలవడం ఒక్కటే ఫలితం కాదు మరి. ఆఫీసులో ఎవరైనా "ఈ పార్టీకి లక్ష చందా కట్టు, కమిషన్ పోను మిగతాది వెనక్కిస్తారు, ట్యాక్స్ మిగులుద్ది" అంటే పారిపోండి. అది మోసం, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఇప్పుడు దాని మీదే ఉన్నారు. ఏళ్ల తరబడి పోటీ చేయని 334 పార్టీల రిజిస్ట్రేషన్‌ని 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం తీసేసింది.

అమెరికాలో ఉన్న అన్నలూ అక్కలూ, ఇండియా పాస్‌పోర్టు ఉంటే ఇక్కడ ఇవ్వొచ్చు, అక్కడి పౌరసత్వం తీసుకుంటే కుదరదు. సియాటిల్‌లో ఉన్నవాళ్లకి ఇంకో ముచ్చట. అక్కడ 2017 నుంచి నగర ఎన్నికలకి ఊరే జనానికి 25 డాలర్ల వోచర్లు నాలుగు ఇస్తుంది, నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోమని. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. జేబులో డబ్బు లేనోడు కూడా దాత అవుతాడు. అమెరికాలో చిన్న చందాల వల్ల నష్టం కూడా చూశాం. ఎవడు గట్టిగా అరిస్తే వాడికే ఫోన్ల నుంచి డబ్బు కురుస్తుంది. మన దగ్గరైతే అది అరుపుకి కాకుండా కులానికి కురిసే ప్రమాదం ఉంది. ఇప్పటికే కురుస్తోంది కూడా, కాకపోతే రసీదు లేకుండా.

ఇచ్చాక అసలు పని మొదలవుద్ది. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ప్రతి అభ్యర్థీ ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే నరసరావుపేట కలెక్టరేట్‌లో ఇవ్వాలి. ఓడినవాడైనా సరే. ఎవరైనా నామమాత్రపు ఫీజు కట్టి ఆ కాపీ తెచ్చుకోవచ్చు. ప్రభ కమిటీ పుస్తకం చదివినట్టు చదవండి. మీ ఊళ్లో వందల బైకుల ర్యాలీ తీసినోడు పెట్రోలుకి ఎంత రాశాడో చూస్తే మంచి కామెడీ. మీ చందా ఆ కాగితంలో ఉందో లేదో చూస్తే, అదే సీరియస్ పని.

ఇదంతా బాబాయ్‌కి చెప్పా. ఆయన కాసేపు ఆలోచించి, తాము కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఎలక్షన్ జీపుకి ఊరే డీజిల్ పోయించేదని, రాత్రి డ్రైవర్‌కి అన్నం కూడా తమ ఇంట్లోనే అని చెప్పాడు. గెలిచాక ఆయన మన వీధికి వచ్చేవాడా అని అడిగా. "రాక ఏం చేస్తాడు? డీజిల్ ఎవరు పోయించారో తెలుసుగా" అన్నాడు.

తర్వాత, "అయిదొందలు కాదురా, రెండు వేలిస్తా. రసీదు మాత్రం నీ ఫోన్లో పెట్టుకో, నా దగ్గరొద్దు. ముందు ఏకగ్రీవం కాకుండా నిలబడేవాణ్ణి ఒకణ్ణి చూపించు" అన్నాడు.

చూస్తున్నా. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి.